మాట కోసం మంత్రి పదవి వదిలిన గిరి

విశాఖపట్నం: నెల తిరిగేసరికి జీతం, ఎనిమిది గంటల డ్యూటీ, వారానికో సెలవు. రేవులో, రైల్వేలో, ఉక్కు కర్మాగారంలో పర్మనెంటు ఉద్యోగులకు ఇవి మామూలు విషయాలు. కాని ఇవి ఊరికే రాలేదు. వీటి కోసం పాటుపడిన తొలితరం నాయకులలో వి.వి.గిరి ఒకరు.

వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించారు. ఆ ఊరు అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఐర్లండులో న్యాయశాస్త్రం చదివి తిరిగివచ్చాక కార్మికుల పక్షాన నిలిచారు. వాల్తేరు వరకు నడిచే బెంగాల్ నాగపూర్ రైల్వేలో కార్మిక సంఘాన్ని నిలబెట్టారు. కార్మికులను పనిలోంచి తీసివేసినప్పుడు సమ్మె నడిపించారు. 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక మహాసభకు మన కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు.

ఆనాడు రైల్వే పనికి వేళాపాళా ఉండేది కాదు. 1930లో చట్టాన్ని సవరించి వారానికి 60 గంటల పరిమితి పెట్టారు. మధ్యమధ్య ఖాళీ దొరికే పనులకు మాత్రం 84 గంటలు. అంటే ఏడు రోజులూ రోజుకు 12 గంటలన్నమాట. 1947లో రాజాధ్యక్ష తీర్పు ఈ గంటలను 54కు, 75కు తగ్గించింది.

1952లో గిరి శ్రీకాకుళం జిల్లా పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేలా మార్చింది. అది అన్యాయమని తలచిన గిరి మంత్రి పదవికి రాజీనామా చేశారు.

పదిహేనేళ్ల తరువాత, 1969 జూలై 19న, 14 బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సుపై తాత్కాలిక రాష్ట్రపతిగా సంతకం చేసింది ఆయనే. దానితో ఆ బ్యాంకుల సిబ్బంది ప్రభుత్వరంగ ఉద్యోగులయ్యారు. ఆ ఏడాదే స్వతంత్ర అభ్యర్థిగా పోటీచేసి రాష్ట్రపతిగా గెలిచారు.

ఆయన రాష్ట్రపతిగా ఉండగానే 1974 మేలో దేశమంతటా రైల్వే సమ్మె జరిగింది. రైళ్లు నడిపే సిబ్బందికి ఎనిమిది గంటల పని అన్నది ప్రధాన కోర్కెలలో ఒకటి. ప్రభుత్వం వేలాదిమందిని అరెస్టు చేసింది. ఇరవై రోజులకు కోర్కెలు తీరకుండానే సమ్మె ముగిసింది. పాత కార్మిక నాయకుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నా నిర్ణయం మంత్రివర్గానిదే అయింది.

గిరి 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. ఆయన కేంద్ర మంత్రిగా ఉన్నది రెండేళ్లే. నేటికీ కార్మిక సంఘాలు తలచుకునేది మాత్రం ఆ పదవిని ఆయన వదిలిన రోజునే.