గోల్కొండ ఖైదీ రామదాసు

మన రుషికొండలో రామదాసు పేరు విననివారు లేరు. సినిమా పాటలుగానైనా ఆయన కీర్తనలు చెవిన పడే ఉంటాయి. వాటిలో చాలా భాగం జైలు గోడల మధ్య పుట్టినవని పిల్లలకు చెప్పేవారే తక్కువ.

కంచెర్ల గోపన్న 17వ శతాబ్దం మనిషి. ఊరు ఖమ్మం దగ్గరి నేలకొండపల్లి. కబీరు అనే ముస్లిం ఫకీరు ఆయనకు రామమంత్రం ఉపదేశించాడని ఒక కథ ఉంది. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా (1672-1687) దర్బారులో మంత్రులైన అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలు. ఆ అండతో పాల్వంచ పరగణా తహసీల్దారు అయ్యాడు. వసూలు చేసిన శిస్తుతో, సుల్తాను అనుమతి లేకుండానే, భద్రాచలంలో గుడి కట్టించి దేవుడికి నగలు చేయించాడు. ఆరు లక్షలని జనం లెక్క.

ఖజానా సొమ్ము అమానత్ అండీ. మసీదుకైనా మందిరానికైనా అడక్కుండా తీయరాదు. తానీషా లెక్క అడగటం న్యాయమే. దీన్ని మతద్వేషమనేవారు ఆయన మంత్రులు ఎవరో మరిచిపోతారు. అయితే ఖైదులో కొట్టిన దెబ్బలు న్యాయమని మాత్రం నేననను.

సుమారు 12 ఏళ్లు ఖైదులో ఉన్నాడంటారు. ఫార్సీలో జైలు కవిత్వానికి హబ్సియాత్ అని పేరే ఉంది. లాహోరు కవి మసూద్ సాద్ సల్మాన్ వాటికి ప్రసిద్ధి. ఆయన విడుదల కోసం పాలకులకు మొర పెట్టుకున్నాడు. గోపన్న మాత్రం సుల్తానును వదిలి రాముడినే నిలదీశాడు. ఏ నగకు ఎంత ఖర్చయిందో పాటలోనే లెక్క చెప్పి, ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావన్నంత దూరం పోయాడు. ఆ వెంటనే, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, క్షమించమని ఏడ్చాడు. మన భాషలో అది తౌబా. నా మటుకు ఆ తహసీల్దారు భక్తుడైంది గుడి కట్టిన నాడు కాదు, ఈ పాట కట్టిన నాడే. 

రామలక్ష్మణులే రాత్రివేళ వచ్చి తానీషాకు బాకీ చెల్లించారని, మర్నాడే విడుదల అయిందని భక్తుల నమ్మకం. గోల్కొండ కోటలో రామదాసు బందిఖానా అని ఇప్పటికీ చూపిస్తారు. గోడమీద దేవతల బొమ్మలున్నాయి. సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి.

తానీషాకూ చివరికి ఖైదే రాసిపెట్టి ఉంది. 1687లో ఔరంగజేబు గోల్కొండ గెలిచి ఆయన్ను దౌలతాబాదు కోటలో బంధించాడు. అక్కడే కన్నుమూశాడు. శ్రీరామనవమి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం ఆయనతోనే మొదలైందంటారు. తరువాత నిజాం ప్రభువులూ పంపారు, ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం పంపుతోంది.