బళ్ళారి రాఘవ – షేక్స్పియర్‌ను చదివి తెలుగు నాటకాన్ని దిద్దిన మహానటుడు

ఈ సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు అడిగినప్పుడు యుద్ధవీరుల గురించే రాద్దామనుకున్నాను. అంతలో ఇంట్లో ఒక చిన్న సంగతి జరిగి మనసు మారింది.

మా అమ్మాయి ఇక్కడ సూరత్‌లోనే ఇంగ్లీషు సాహిత్యంతో బి.ఏ. చదువుతోంది. పాఠాలన్నీ ఎలిజబెత్ రాణి కాలం నాటి నాటకాలు, సానెట్లు. ఒకరోజు విసుగొచ్చి పుస్తకం మూసేసి, నాలుగు వందల ఏళ్ళ కిందటి ఈ పరాయి నాటకాలు మనకెందుకు నాన్నా అని అడిగింది. నేను ఇంటర్ వరకే చదివినవాణ్ణి. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కానీ మా తాతగారి నోట చిన్నప్పుడు విన్న ఒక పేరు గుర్తొచ్చింది. బళ్ళారి రాఘవ. ఆయన గురించి దొరికినంత చదివి అమ్మాయికి చెప్పాను. అదే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

రాణి కాలం, మన సూరత్

మొదటి ఎలిజబెత్ రాణి 1558 నుంచి 1603 వరకు ఇంగ్లండును ఏలింది. షేక్స్పియర్ 1564లో పుట్టి 1616లో పోయాడు. ఈస్టిండియా కంపెనీకి ఆ రాణి సంతకంతోనే 1600 డిసెంబర్ 31న అనుమతి వచ్చింది. ఆ కంపెనీ ఓడ హెక్టర్ 1608 ఆగస్టులో సూరత్ చేరింది. అప్పటికి షేక్స్పియర్ బతికే ఉన్నాడు, వయసు నలభై నాలుగు. మరుసటి ఏడు, 1609లో, ఆయన సానెట్ల పుస్తకం అచ్చయింది. సానెట్ అంటే పద్నాలుగు పాదాల పద్యం. అలాంటివి ఆ పుస్తకంలో 154 ఉన్నాయి. మన శతకంలో నూటెనిమిది పద్యాలు వరసగా పేర్చినట్టే అనుకోండి.

అంటే ఆ ఇంగ్లీషు మన దేశంలో అడుగుపెట్టిన గుమ్మం ఈ ఊరే. 1852లోనే ఇక్కడ షేక్స్పియర్ నాటకం ఒకటి, గయ్యాళి భార్యను దారికి తెచ్చే కథ, గుజరాతీలో ఆడారు. మన తెలుగులో 1876లో వావిలాల వాసుదేవశాస్త్రి గారు జూలియస్ సీజర్‌ను సీజరు చరిత్రము పేరుతో తెచ్చారు. కందుకూరి వీరేశలింగం గారు కామెడీ ఆఫ్ ఎర్రర్స్‌ను చమత్కార రత్నావళిగా రాశారు. పుస్తకంలోకి వచ్చిన ఆ విద్యను తన నటనలో కలుపుకున్నవాడు రాఘవ గారు.

తాడిపత్రి బిడ్డ

ఆయన అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టారు. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు బళ్ళారిలో వకీలు, ఆంధ్ర నాటక పితామహుడని పేరు పొందిన రచయిత. ఆయన పెట్టిన సంస్థ సరస వినోదిని సభ. అదే ఊళ్ళో ఇంకొక వకీలు కోలాచలం శ్రీనివాసరావు గారు చారిత్రక నాటకాలు రాసేవారు. బళ్ళారి కంటోన్మెంట్ ఊరు. తెలుగు, కన్నడం, ఉర్దూ, తమిళం అన్నీ వినబడే బజారు. మన రెజిమెంట్ సెంటర్ల పక్కన ఉండే ఊళ్ళు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు.

మేనమామ గారే ఒక పెద్ద సాహసం చేశారు. మన పాత సంస్కృత నాటకం చివరికి మంగళంతోనే ముగియాలి. ఇంగ్లీషు విషాద నాటకంలో మాత్రం నాయకుడు తన తప్పుకు తానే బలైపోతాడు. ఆ పద్ధతిలో ఆయన విషాద సారంగధర రాశారు. కథ మనది, ముగింపు పద్ధతి వాళ్ళది. ఇలాంటి ఇంట్లో పెరిగిన కుర్రాడు చదువుకునే రోజుల్లోనే బళ్ళారిలో షేక్స్పియర్ క్లబ్ పెట్టి ఆ నాటకాలు ఆడించాడంటే వింత లేదు.

తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బి.ఏ., ఆపైన లా చదివి 1905లో పట్టా పుచ్చుకున్నారు. బళ్ళారిలో వకీలుగా స్థిరపడ్డారు. నాటకం ఆయనకు బతుకుతెరువు కాదు. ధర్మకార్యాలకు చందా పోగుచెయ్యడానికి ఎన్నోసార్లు వేషం కట్టారు.

ప్రమోషన్ రాని అధికారి కథ

తెలుగులో హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు, హరిశ్చంద్రుడు, చాణక్యుడు ఆయనకు పేరు తెచ్చిన వేషాలు. కోలాచలం వారి రామరాజు నాటకంలో పఠాను రుస్తుం వేషం గురించి పాతవాళ్ళు కథలుగా చెప్పుకునేవారు. 1565లో జరిగిన తళ్ళికోట యుద్ధం ఆ నాటకానికి ఆధారం. అప్పటికి షేక్స్పియర్ ఏడాది నిండని పసివాడు. ఇంగ్లీషులో షైలాక్, ఒథెల్లో వేషాలు వేశారు. కన్నడంలో, హిందీలో కూడా ఆడారు.

ఒథెల్లో గురించి మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. ఎలిజబెత్ రాణి పోయిన మరుసటి ఏడు, 1604లో, ఈ నాటకాన్ని ఇంగ్లండు రాజు కొలువులో ఆడారు. ఒథెల్లో వెనీసు సైన్యానికి సేనాని, గొప్ప యోధుడు. ఆయన కింద ఇయాగో అనే అధికారి ఉంటాడు. తనకు రావలసిన ప్రమోషన్ యుద్ధం చూడని పుస్తకాల మనిషికి ఇచ్చారని ఇయాగో కడుపుమంట. పైకి వినయం, లోపల విషం. సేనాని చెవిలో భార్య మీద అనుమానం నూరిపోస్తాడు. ఒక చేతిరుమాలు సాక్ష్యం చేస్తాడు. ఒథెల్లో విచారణ లేకుండా తీర్పు చెప్పేసి భార్యను చంపుకుంటాడు. నిజం తెలిశాక తననూ చంపుకుంటాడు.

యూనిట్‌లో పనిచేసిన ఏ జె.సి.ఓ.ని అడిగినా ఈ కథ పరాయిది అనడు. ప్రమోషన్ బోర్డు అయ్యాక బ్యారక్‌లో గుసగుసలు, కమాండర్ చెవి కొరికేవాళ్ళు, ఒకవైపు మాట విని ఇచ్చిన శిక్షలు – ఇవన్నీ మనం చూసినవే. శత్రువు గుండుకు లొంగని మనిషి పక్కవాడి మాటకు కూలిపోయాడు. నాలుగు వందల ఏళ్ళ కిందటి నాటకం మనకెందుకు అన్నదానికి మొదటి జవాబు నాకు ఇక్కడే దొరికింది.

అరుపు తగ్గింది, అర్థం పెరిగింది

ఆ రోజుల్లో మన పద్య నాటకం ఎలా ఉండేదో పెద్దలకు తెలుసు. నటుడు పద్యం ఎత్తుకుంటే రాగం చాలాసేపు సాగేది. జనం వన్స్ మోర్ అంటే చచ్చిపోయిన పాత్ర కూడా లేచి మళ్ళీ పాడేది. రాఘవ గారు దీన్ని ఒప్పుకోలేదు. పద్యం అంటే పాత్ర మాట్లాడే మాట, భావం తెలిసేలా చెప్పాలి, రాగం దాన్ని మింగకూడదు అన్నది ఆయన పద్ధతి. షేక్స్పియర్ నాటకాల్లో చాలా భాగం అంత్యప్రాస లేని పద్యమే. దాన్ని పాడరు, మాట్లాడతారు. ఆ చదువు ఈ పద్ధతికి బలం ఇచ్చిందని నాకు అనిపిస్తుంది.

నేను కూడా యూనిట్ బడాఖానాలో ఒకసారి దుర్యోధనుడి వేషం వేశాను. గొంతు పగిలేలా అరిచి, తెల్లారి రోల్‌కాల్‌లో మాట రాక నిలబడ్డాను. రాఘవ గారి గురించి చదివాక నా తప్పు తెలిసింది. కోపం అరుపులో లేదు, ఆపుకోవడంలో ఉంది.

ఆడ వేషం ఆడవాళ్ళకే

షేక్స్పియర్ కాలంలో ఇంగ్లండు నాటకశాలల్లో ఆడ వేషాలు కుర్రాళ్ళే వేసేవారు. 1660 తర్వాతగానీ అక్కడ స్త్రీలు వేదిక ఎక్కలేదు. మన పరిషత్తు నాటకాల్లోనూ అంతే. సురభి వారి కుటుంబాల సంగతి వేరు, మిగతా చోట్ల మగవాళ్ళే చీర కట్టేవారు. రాఘవ గారు షేక్స్పియర్‌ను ఎంత గౌరవించినా ఆ ఆచారాన్ని పట్టుకు వేలాడలేదు. చదువుకున్న కుటుంబాల స్త్రీలను ధైర్యం చెప్పి రంగస్థలం మీదికి తెచ్చారు. కొప్పరపు సరోజిని, కొమ్మూరి పద్మావతీదేవి గార్లు అలా వచ్చినవాళ్ళే. ఆ రోజుల్లో దానికి ఎన్ని మాటలు పడాల్సి వచ్చేదో ఊహించుకోండి. పి.వి. రాజమన్నార్ గారు రాసిన తప్పెవరిది అనే సాంఘిక నాటకాన్ని కూడా ప్రదర్శించారు. ఆ రాజమన్నార్ గారే తర్వాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

1927లో గాంధీజీ ఆయన హిందీ నాటకం దీనబంధు కబీర్ చూసి మెచ్చుకున్నారు. ఆ తర్వాత రాఘవ గారు ఇంగ్లండు, ఇతర యూరపు దేశాలు తిరిగి అక్కడి నాటకశాలలు చూశారు, బెర్నార్డ్ షాను కలుసుకున్నారు. అక్కడ పొగడ్తలు వచ్చినా అక్కడే ఉండిపోలేదు. తిరిగి బళ్ళారికే వచ్చారు.

చివరి అంకం

సినిమా మాత్రం ఆయనకు కలిసి రాలేదు. 1936లో ద్రౌపదీ మానసంరక్షణంలో దుర్యోధనుడిగా నటించారు, చిత్రం ఆడలేదు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం గారి రైతుబిడ్డలో, 1940లో చండికలో కనిపించారు. తర్వాత సినిమా వదిలేశారు. 1946 ఏప్రిల్ 16న బళ్ళారిలో కన్నుమూశారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళింది. ఊరు పక్క రాష్ట్రానికి పోయినా ఆయన పేరులో ఊరు, ఊళ్ళో ఆయన పేరు అలాగే నిలిచాయి. అక్కడ రాఘవ కళామందిరం ఉంది. 1981లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

సూరత్ మగ్గాల దగ్గర, మిల్లుల్లో ఎందరో తెలుగువాళ్ళు ఉన్నారు. పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, కాలేజీలో ఇంగ్లీషు మాట్లాడుతున్నారు. ఇంగ్లీషు చదివితే తెలుగు పోతుందని కొందరు భయపడతారు. తెలుగు పట్టుకుంటే ముందుకు పోలేమని ఇంకొందరు అనుకుంటారు. రాఘవ గారి జీవితం రెండు భయాలనూ కొట్టేస్తుంది. పరాయి విద్యను శ్రద్ధగా చదివారు, మంచిది తెచ్చుకున్నారు, పనికిరానిది అక్కడే వదిలారు, తెచ్చింది మన వేదిక మీద పెట్టారు.

మా అమ్మాయి మళ్ళీ ఒథెల్లో తెరిచింది. ఈసారి నాకు తెలుగులో చెబుతూ చదువుతోంది. వచ్చే ఉగాదికి మన సంఘం వేదిక మీద అందులో ఒక్క రంగమైనా తెలుగులో ఆడదామని నా మనవి. ఇయాగో వేషానికి నేను సిద్ధం, ఈసారి అరవను. సేనాని వేషానికి ఎవరు వస్తారో ముందుకు రండి.

జై హింద్.