పిట్టల పక్కన ఓడ

ఆ పోస్టర్‌లో మనుషులెవరూ లేరు. నీటి అంచున, అణియం పక్కగా ఓ తెల్లపిట్టల గుంపు, అంతే. ఓడ ఎంతటిదో ఆ పిట్టల్ని చూసి మనమే లెక్క కట్టుకోవాలి.

1935లో కసాండ్ర్ గీసిన ‘నార్మండీ’ ప్రకటన ఇది. లే హావ్ర్ నుంచి సౌతాంప్టన్ మీదుగా న్యూయార్క్ వెళ్లే ఫ్రెంచి ఓడ. పొడవు 313 మీటర్లు. ఆ పొడవునే ఆయన దాచేశాడు! ఎదురుగా, కిందనుంచి చూపించాడు. కొండ మన మీదికి నడిచొస్తున్నట్టుంటుంది. టికెట్ కొనేవాళ్ల కోసం గీసింది కాదేమో అని నాకో అనుమానం. వాళ్లకి డెక్కు, క్యాబిన్, పింగాణీ పళ్లాలు చూపిస్తే చాలు. ఇక్కడున్నది నాటుపడవలో కూర్చుని మెడ రిక్కించినవాడి చూపు. ఎక్కే యోగం లేనివాడికి ఏ ఓడైనా ఇంతే పెద్దగా కనిపిస్తుంది.

ఎక్కినవాళ్ల సంగతి వేరు. మొదటి తరగతి భోజనశాలకి కిటికీలే లేవు. వెలుగంతా లాలిక్ గాజుదీపాలదే. ఓడలో ఎక్కువ పడకలు కూడా ఆ తరగతివాళ్లకే. మూడు పొగగొట్టాల్లో వెనకది ఉత్తుత్తిది. పొగ రాదు, చూపుకి నిండుగా ఉండాలని పెట్టారు. ఓడే సగం ప్రకటన అన్నమాట. అలాగని వట్టి డాబూ కాదు. తొలి ప్రయాణంలోనే అట్లాంటిక్ దాటే వేగంలో రికార్డు కొట్టింది. రష్యా నుంచి వలసొచ్చిన ఇంజినీరు వ్లదీమిర్ యుర్కెవిచ్ దాని ఒంటిని నీళ్లు జారిపోయేలా మలిచాడు.

1958లో జెట్ విమానాలొచ్చి అట్లాంటిక్‌ను పూటలోకి కుదించాక తక్కిన పెద్ద ఓడలు గిరాకీ తగ్గి మూలపడ్డాయి. నార్మండీకి ఆ ముసలితనమూ దక్కలేదు. యుద్ధం వచ్చి న్యూయార్క్ రేవులో చిక్కుకుపోయింది. అమెరికా దాన్ని సైనికుల రవాణాకి మారుస్తుండగా, 1942 ఫిబ్రవరి 9న గ్యాస్ టార్చి రవ్వలు లైఫ్ జాకెట్ల కుప్ప మీద పడ్డాయి. మంటలార్పడానికి కొట్టిన నీళ్లే పై అంతస్తుల్లో నిలిచాయి. ఒరిగి ఒరిగి, తెల్లారేలోపు పక్కకి పడిపోయింది.

యుర్కెవిచ్ అప్పుడు ఆ ఊళ్లోనే ఉన్నాడు. అడుగు కవాటాలు తెరిచి కింద నీళ్లు నింపితే ఓడ నిలువునా కూర్చుంటుందని చెప్పడానికి పరుగున వెళ్లాడు. దగ్గరికి రానివ్వలేదు. తాను గీసిన ఓడని ఆయన కూడా బయట నిలబడే చూశాడు.

1946లో తుక్కు కింద అమ్మేశారు. ప్రయాణికులతో తిరిగింది నాలుగేళ్ల చిల్లరే.