రెండేళ్లనుకుని వెళ్లి.. 44 ఏళ్లు!

సఫారీ అనగానే మీకేం గుర్తొస్తుంది? ఓపెన్ టాప్ జీపు, చేతిలో కెమెరా, దారి పక్కన చెట్టు నీడలో సింహం. అంతే కదా! డబ్బు కట్టి మరీ జంతువుల్ని చూడటానికి జనం వస్తారంటే వందేళ్ల కిందట దక్షిణాఫ్రికాలో నమ్మినవాళ్లు తక్కువ. నమ్మించిన వ్యక్తి జేమ్స్ స్టీవెన్సన్-హామిల్టన్.

1867లో డబ్లిన్‌లో పుట్టారు. స్కాట్లాండ్‌లో ఆస్తిపాస్తులున్న కుటుంబం. సైన్యంలో చేరి బోయర్ యుద్ధంలో పోరాడారు. యుద్ధం ముగిశాక, 1902లో సాబీ అభయారణ్యానికి వార్డెన్ కావాలన్నారు. పాల్ క్రూగర్ ప్రభుత్వం 1898లో ప్రకటించిన అడవి అది. రెండేళ్లు చూద్దామని ఒప్పుకున్నారు.

ఇప్పుడు మీరు జాబ్ నోటిఫికేషన్‌లో ముందు ఏం చూస్తారు? పని ఏంటి, ఎక్కడ, ఎవరి కింద అని. ఆయనకు అవేవీ స్పష్టంగా చెప్పినవారు లేరు. ఆఫీసు లేదు, రోడ్లు లేవు, మలేరియా మాత్రం దండిగా ఉంది. పోనీ జంతువులున్నాయా అంటే వేటగాళ్లు, 1896 నాటి పశువ్యాధి, యుద్ధం కలిసి అడవిని దాదాపు ఖాళీ చేసేశాయి.

ఆయన మొదట చేసిన పనుల్లో ఒకటి మాత్రం మెచ్చుకోలేం. వేట ఆగాలని, అక్కడే బతుకుతున్న ఆఫ్రికన్ల ఊళ్లను ఖాళీ చేయించారు. స్థానికులు ఆయనకు స్కుకుజా అని పేరు పెట్టారు. ఊడ్చిపారేసేవాడు అని అర్థం. మెచ్చి పెట్టారో, కడుపుమండి పెట్టారో మీరే ఊహించుకోండి. ఈ రోజు ఆ పార్కులో అతి పెద్ద క్యాంపు పేరు అదే.

అసలు పోరాటం అడవిలో కాదు, ఫైళ్లలో జరిగింది. గొర్రెల మేతకు ఆ భూమి కావాలన్నారు కొందరు. బొగ్గు తవ్వుతామన్నారు ఇంకొందరు. పశువులకు నగానా జబ్బు వస్తోంది, అడవి జంతువుల్ని కాల్చేయండన్నారు మరికొందరు. ఇన్ని లాభాల ముందు జింకల మందను చూపించి ఎవరిని ఒప్పించగలరు? అడవికి ఓటర్లు ఉండరు. కావాల్సింది జనం మద్దతని ఆయనకు అర్థమైంది.

దారి రైల్వే రూపంలో దొరికింది. 1923లో రైల్వేవాళ్లు తొమ్మిది రోజుల టూర్ రైలు మొదలుపెట్టారు. అడవి మీదుగా వెళ్లే ఆ రైలును అక్కడ ఆపి, రేంజర్‌ను తోడిచ్చి ప్రయాణికుల్ని కాస్త నడిపించి తెచ్చేవారు. విచిత్రం ఏంటంటే, టూర్ మొత్తంలో ఎక్కువ మందికి నచ్చింది ఆ అడవి ఆగుడే! తర్వాత చట్టసభను ఒప్పించడం తేలికైంది. 1926 మే 31న క్రూగర్ నేషనల్ పార్క్ ఏర్పడింది. 1927లో సందర్శకుల కార్లు మూడంటే మూడు వచ్చాయి. 1928లో 180, ఆ మరుసటి ఏడాది 850.

వచ్చిన వాళ్లంతా అడిగింది ఒక్కటే, సింహం ఎక్కడ? మొదటి పాతికేళ్లలో జింకల్ని కాపాడాలని ఆయన, రేంజర్లు కలిసి వందల సింహాల్ని కాల్చారు. జింకల సంఖ్య పెరిగేకొద్దీ ఆ పద్ధతి మీద ఆయనకే నమ్మకం సడలింది. అడవి తన లెక్క తాను చూసుకుంటుందనే వైపు మళ్లారు. ఉద్యోగంలో ఇన్నేళ్లున్నాక సొంత పద్ధతినే మార్చుకోవడం చిన్న విషయమేం కాదు.

మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన కాలం తప్పిస్తే 1946 దాకా ఆ పనిలోనే ఉన్నారు. అరవై దాటాక, 1930లో పెళ్లి చేసుకున్నారు. 1957లో, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. చితాభస్మాన్ని స్కుకుజాకు దక్షిణాన షిరిమంటంగా అనే రాతిగుట్ట మీద చల్లారు.