లియో ఫెండరు

మన జనగామ ప్రాంతమున ప్రార్థనాలయములందును, పెండ్లిపాటలందును ఎలక్ట్రిక్ గిటారును మన విద్యార్థులు వినియే యుందురు. దానికి స్పష్టమైన గొంతు నొసంగినవారిలో ముఖ్యుడు లియో ఫెండరు. ఈయన 1909 ఆగష్టు 10వ తేదీని కాలిఫోర్నియాలో నారింజతోటల రైతుకుటుంబమున జన్మించెను. బాల్యముననే యొక కన్ను పోయెను. లెక్కల యుద్యోగము ఆర్థికమాంద్యమున పోయెను. 1938లో ఫుల్లర్టను పట్టణమున రేడియోలు బాగుచేయు దుకాణము పెట్టెను.

చిత్రమేమనగా, ఈయనకు గిటారు వాయించుట రాదు. అందుచే చేసిన ప్రతి పరికరమును వాద్యకుల చేతికిచ్చి, వారి చెవులతో వినుట నేర్చెను.

అయస్కాంతముచుట్టు సన్నని రాగితీగెను వేలకొలది చుట్లు చుట్టినచో పికప్పగును. దానిపై ఉక్కుతంత్రి కదలగా విద్యుత్తు పుట్టును. పూర్వపు డొల్ల గిటారు ధ్వని పెంచగానే కూయుచుండెను. 1950లో ఫెండరు గట్టిచెక్కతో గిటారు చేసి, రెండు పికప్పు లమర్చెను. గుర్రమువద్దిది లోహపురేకున బిగింపబడి ఖంగున పలుకును. మెడవద్దిది లోహపు తొడుగులో మెత్తగా పలుకును. వీణను గుర్రమునకు దగ్గరగా మీటిచూచినవారికి ఈ భేదము తెలియును. 1954 నాటి గిటారునకు మూడు పికప్పులు పెట్టెను.

అయితే ఒంటిచుట్ట పికప్పు కరెంటు రొదనుగూడ పట్టుకొనును. గిబ్సను కంపెనీలో సెత్ లవరు 1955లో జంటచుట్టలతో ఆ రొద నణచెను. ధ్వని బలిసెను గాని తళుకు తగ్గెను. పైగా వెడల్పగుటచే, ఒంటిచుట్ట గాడిలో చెక్క తొలువనిదే యిమడదు. మా మట్టుకు ఫెండరు పలుకే యిష్టము, రొదతోసహా!

అనారోగ్యముచే 1965లో కంపెనీని 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్మెను. కోలుకొని మరల పనిబల్ల చేరి, క్రొత్త పికప్పులు చేయుచు, 1991 మార్చి 21న కాలధర్మము నొందెను.