సంఘమంటే మనమే: బిషప్ అజరయ్య గారి జీవితము

ఈ శతాబ్ది పండుగలో మన గుడులను, బడులను సంతోషముగా లెక్కించుకొనుచున్నాము. అయితే సంఘమనగా ఏమిటో కూడ ఆలోచించుకొనవలెను. ఈ ప్రశ్నకు తన జీవితముతో జవాబిచ్చిన మహనీయులు బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు.

వారు 1874లో తిరునెల్వేలి సీమలోని వెల్లాలన్‌విళై అను పల్లెలో, ఒక గ్రామ గురువు ఇంట జన్మించారు. యౌవనములో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనిచేశారు. పరదేశపు ధనముకొరకు ఎదురుచూడక, మన సంఘములే సువార్తికులను పంపవలెనను తలంపుతో 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనకు పాటుపడ్డారు. ఇతరులను పంపి తాము ఊరకుండలేదు. 1909లో నైజాము రాజ్యములోని దోర్నకల్లుకు మిషనరీగా వచ్చి, మన తెలుగు నేర్చుకొన్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్ అయ్యారు.

వారి సంఘస్థులు ఎక్కువమంది కూలి చేసుకొని బ్రదికే పేదలు. అయినను వారిని పుచ్చుకొనేవారిగా మాత్రమే బిషప్ గారు చూడలేదు. వంటకు బియ్యము తీసినప్పుడెల్ల పిడికెడు దేవునికి ప్రత్యేకించుట తల్లులకు అలవాటు చేశారు. బాప్తిస్మము పొందినవారిచే తమ తలపై తామే చేయి ఉంచుకొని, సువార్త చెప్పుట తమ బాధ్యత అని పలికించేవారు. మాలలు, మాదిగలు అను భేదము ప్రభువు బల్లయొద్ద నిలువరాదని పట్టుబట్టారు. 1939లో ప్రతిష్ఠించబడిన దోర్నకల్ ఎపిఫనీ కతీడ్రలును మన దేశపు శిల్పరీతులు కలిపి కట్టించారు. 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించారు. వారు ఆశించి పాటుపడిన సంఘైక్యము 1947లో దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరింది.

మరి మన సంగతి ఏమిటి? రోగిని చూచుటకు, తగవు తీర్చుటకు, ప్రార్థన చేయుటకు అయ్యగారు ఉన్నారు గదా అని మనము ఊరకుండుట లేదా? గురుత్వ సేవలోనున్న మేము సైతము అన్నియు మా చేతులలోనే ఉంచుకొని, ఆ తప్పులో పాలుపొందాము. ఇంకను పెండ్లి సంబంధములయొద్ద, సమాధుల స్థలమునొద్ద కులము మన మధ్య తొంగిచూచుచునే యున్నది.

గురువు బదిలీపై వెళ్లిపోవును. సంఘము ఆ ఊరిలోనే నిలిచియుండును. పొరుగింటివాని ఆకలి, దుఃఖము మొదట తెలిసేది ఆ సంఘస్థులకే. కాబట్టి ఈ పండుగలో మన చేయి మన తలపై ఉంచుకొని, మన బాధ్యతను మరల ఒప్పుకొందము.