మధ్యాహ్న విశ్రాంతి

విన్సెంట్ వాన్ గో 1853 మార్చి 30న హాలెండు దేశంలో ఒక క్రైస్తవ మతబోధకుని ఇంట జన్మించాడు. పదహారవ ఏట చిత్రపటాలు విక్రయించే సంస్థలో చేరి హేగ్, లండన్, పారిస్ నగరాల్లో పనిచేశాడు. ఆ కొలువు నిలువలేదు. పిదప బెల్జియం బొగ్గుగనుల ప్రాంతంలో మతప్రచారకుడయ్యాడు. అదీ నిలువలేదు. 1880లో, ఇరవై ఏడేళ్ళ వయసులో, చిత్రకళయే తన మార్గమని నిశ్చయించుకున్నాడు. అతని పోషణభారాన్ని తమ్ముడు థియో వహించాడు.

గురువు లేని ఆ విద్యార్థికి అచ్చుబొమ్మలే పాఠాలయ్యాయి. ఫ్రెంచి చిత్రకారుడు మిలే చిత్రించిన కర్షకులను, ముఖ్యంగా విత్తనాలు చల్లే రైతును, అతడు మళ్ళీ మళ్ళీ గీశాడు. మిలే 1875లోనే కన్నుమూశాడు. వారిరువురూ ఎన్నడూ కలుసుకోలేదు. తైలవర్ణాల తొలి మెళకువలను 1881 చివర హేగ్‌లో బంధువైన ఆంటన్ మావ్ చూపించాడు. కొద్ది నెలలకే ఇద్దరికీ పొసగక ఆ శిక్షణ ఆగిపోయింది. తక్కినది చాలావరకు స్వయంకృషి.

1888లో దక్షిణ ఫ్రాన్సులోని ఆర్ల్ పట్టణం చేరాక అక్కడి ఎండ అతని వర్ణాలను వెలిగించింది. అయితే ఆ ఏడాది చివర మతి చలించింది. 1889 మే నెలలో తనంతట తానే సెయింట్ రెమీలోని మానసిక చికిత్సాలయంలో చేరాడు. వ్యాధి ముదిరిన వేళ రంగులను మింగబోయాడు. అందుచేత కొన్నాళ్ళు వాటిని అతనికి అందకుండా ఉంచవలసి వచ్చింది. చిత్రకారునికి అంతకన్న కఠినమైన శిక్ష ఏముంటుంది? ఆరుబయటికి పోరాని దినాలు అనేకం. నమూనాగా నిలిచే మనుషులు లేరు. అతడు తిరిగి మిలేను ఆశ్రయించాడు.

కోతకాలపు మధ్యాహ్నం కుప్పనీడన ఒక పురుషుడు, ఒక స్త్రీ నిద్రిస్తున్నారు. పక్కనే కొడవళ్ళు, విడిచిన చెప్పులు. దూరాన బండి, పశువులు. మిలే కల్పించిన ఈ దృశ్యం వాన్ గో చేతికి నలుపు తెలుపుల అచ్చుగా మాత్రమే అందింది. అందులో ఎండకు రంగు లేదు. దానిని అతడే సమకూర్చుకోవాలి. కుప్పలకు పసుపు, నారింజ వన్నెలు వేశాడు. నీడకు నలుపు వాడలేదు. నీలిమను, ఊదాను నింపాడు. పసుపు పక్కన ఊదా, నారింజ పక్కన నీలం నిలిచినప్పుడు ఒకదానివల్ల మరొకటి మరింత ప్రకాశిస్తుంది. ఈ వర్ణసూత్రాన్ని అతడు లోగడ గ్రంథాలలో చదివి ఉన్నాడు. చిత్రమేమంటే, మండుటెండను చూపే ఈ పటం చలికాలంలో, 1889 డిసెంబరు, 1890 జనవరి నెలల నడుమ, చికిత్సాలయంలో రూపొందింది.

ఇతరుల కృతిని చూసి గీయడం తప్పేమోనన్న శంక అతనికి లేకపోలేదు. వాద్యకారుడు మరొకరి రచనను తన రీతిలో వినిపించినట్లే తానూ చేస్తున్నానని సమాధానపడ్డాడు. మన సంగీతజ్ఞులు మనోధర్మం అనేది ఇట్టిదే. ఆ శరత్తు, శీతకాలాలలో మిలేను అనుసరించి 21 తైలవర్ణ చిత్రాలు వేశాడు. తొలి అడుగులు వేసే శిశువు చిత్రానికి ఛాయాచిత్రంపై గళ్ళు గీసుకుని, వాటి ఆధారంగా కాన్వాసు మీదికి పెంచుకున్నాడు. ఆ జనవరి 31న థియోకు కుమారుడు కలిగాడు. బిడ్డకు విన్సెంట్ అనే పేరే పెట్టారు.

ఆ చిత్రాలను చూసిన థియో, అన్న చేసిన పనుల్లో అవే మిన్న కావచ్చునని భావించాడు. 1890 జూలై 29న ఓవేర్ గ్రామంలో వాన్ గో మరణించేనాటికి అతడు కుంచె పట్టి పదేళ్ళే అయింది. కుప్పనీడన నిద్రించే ఆ దంపతుల పటం పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది.